బండి కన్నా ముందు ఒక రిపోర్టు

మెదక్ కుర్రాళ్లకు ఆర్మీ అంటే తెల్లారుజామున గ్రౌండ్‌లో 1600 మీటర్ల పరుగు. డిఫెన్స్ జాబ్ అంటే ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. రెండూ మంచివే. అయితే ఈ రెండింటికీ ముందు జరిగే పని ఇంకోటుంది. రేపటి సైన్యానికి ఏం కావాలో ఆలోచించి కాగితం మీద పెట్టడం. ఆ పని చేసిన తెలుగువాడు జనరల్ కె.వి.కృష్ణారావు. ఆయన పేరు మన ఇంజినీరింగ్ క్లాసుల్లో వినబడదు.

1923లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన ఆయన 1942లో సైన్యంలో అధికారిగా చేరారు. 1971 యుద్ధంలో 8వ మౌంటెన్ డివిజన్‌ను సిల్హెట్ వైపు నడిపించారు. 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్ము కశ్మీర్‌కు గవర్నర్. 2016లో కన్నుమూశారు.

ఈ పదవులన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది 1975లో ఆయన అధ్యక్షతన వేసిన నిపుణుల కమిటీ. గెలిచిన యుద్ధం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. అయినా ఆ కమిటీ రాబోయే పాతికేళ్లను ముందు పెట్టుకుంది. పోరాడే బలగం ఎంత, దాని వెనక సాయంగా ఉండే బలగం ఎంత అని లెక్క చూసింది. యాంత్రీకరణ పెరగాలని చెప్పింది. తర్వాత సైన్యాధిపతి అయిన సుందర్జీ కూడా అందులో సభ్యుడే.

యాంత్రీకరణ అంటే ఏమిటి? ట్యాంకులు దూసుకుపోతుంటే కాలినడకన వెళ్లే జవాన్లు వెనకబడిపోతారు. వాళ్లను కవచమున్న బండిలో, ట్యాంకుల వేగంతోనే తీసుకెళ్లాలి. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఏర్పడింది. 1984లో మన జిల్లా పేరుతో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్ మొదలైంది. అక్కడ తయారయ్యే ‘శరత్’, అంటే బీఎంపీ-2, ముగ్గురు సిబ్బందితో పాటు ఏడుగురు జవాన్లను మోస్తుంది, నీళ్లలో ఈదుతుంది, 30 మిల్లీమీటర్ల ఫిరంగి పేలుస్తుంది. ఫ్యాక్టరీని ఆ కమిటీయే పెట్టించిందని నేననను. కానీ ఇలాంటి బండి ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్లలో ఆ కమిటీ ముందుంది.

రిటైరయ్యాకా ఆయన కలం ఆగలేదు. 1991లో జాతీయ భద్రత మీద ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ రాశారు. సిద్ధపడు, లేదా నశించు అన్న ఆ పేరులోనే ఆయన వాదం ఉంది.

మన సంగతి చూద్దాం. ఫైనలియర్ ప్రాజెక్టుకు డ్రోన్ చేస్తాం. ‘ఎవరికోసం?’ అని వైవాలో అడిగితే నీళ్లు నములుతాం. మోటారు స్పెసిఫికేషన్ నోటికొస్తుంది, అవసరం మాత్రం చెప్పలేం. ‘ప్లేస్‌మెంట్‌లో కోడింగే కదా అడిగేది’ అంటారు ఫ్రెండ్స్. నిజమే, మొదటి ఉద్యోగం దాంతోనే వస్తుంది. కానీ నాలుగేళ్ల తర్వాత ఏం తయారుచేయాలో నిర్ణయించే టేబుల్ దగ్గర మీకు కుర్చీ వేయించేది కోడింగ్ ఒక్కటే కాదు. అవసరాన్ని స్పష్టంగా రాయగలగాలి.

అందుకే కాలేజీలకు ఒక మాట. ప్రాజెక్టు ఓకే చేసే ముందు ఒక్క పేజీ రాయించండి. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, ఎంత ఖర్చవుతుంది, పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుందా? విద్యార్థులూ, కాలేజీ అడిగేదాకా ఆగకండి. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకే ఆ పేజీ రాసి చూడండి. రాయడం కుదరలేదంటే మార్చాల్సింది ప్రాజెక్టునే.