పాత ఆఫీసు ఇవ్వాల్సిన కాగితం

హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఎంత బాగా చేసినా, ఆఫర్ లెటర్ వచ్చాక ఇంకో గండం ఉంటుంది. దాని పేరు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. పాత కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు, పీఎఫ్ నంబరు, పాత మేనేజర్ల ఫోన్ నంబర్లు పెట్టమంటారు. చాలామందికి అది ఒక సాయంత్రం పని. పాత ఉద్యోగం మగ పేరుతో చేసి, జెండర్ ట్రాన్సిషన్ తర్వాత ఇప్పుడు ఆడ పేరుతో దరఖాస్తు పెట్టిన మనిషికి మాత్రం అందులో ప్రతి కాగితమూ ఒక పేచీయే. పెడితే తన గతమంతా ముక్కూమొహం తెలియని ఏజెన్సీ చేతిలో పడుతుంది. పెట్టకపోతే చేసిన సర్వీసంతా గాల్లో కలిసి, ముప్పై ఏళ్ల వయసులో ఫ్రెషర్‌గా నిలబడాలి. జీతమూ ఫ్రెషర్ జీతమే.

సరే, పాత ఆఫీసునే అడుగుదామని మెయిల్ పెడితే వచ్చే జవాబులో తిట్లేమీ ఉండవు. ‘మీరు పనిచేసిన కాలానికి మా రికార్డులో ఉన్న పేరు ఇది, మార్చే వీలు లేదు’ అని మర్యాదగా రెండు ముక్కలు. నాకైతే ఆ మర్యాద చూస్తేనే ఒళ్లు మండుతుంది. పెళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయి విషయంలో ఇదే హెచ్ఆర్ మ్యారేజ్ సర్టిఫికెట్ చూసి పని కానిచ్చేస్తుంది. న్యూమరాలజీ జ్యోతిష్కుడి మాట విని పేరులో ఇంకో ‘ఏ’ ఇరికించుకుని, చంచల్‌గూడ ప్రెస్సులో గెజిట్ వేయించుకొచ్చిన పెద్దమనిషినీ ఎవరూ నిలదీయరు. (ఆ ‘ఏ’తో ఆయనకు ప్రమోషన్ వచ్చిందా అనీ అడగరు.) అంటే పేరు మార్చే విధానం లేక కాదు. ఈ మనిషి కోసం దాన్ని కదిలించే మనసు లేక.

ఇంతకీ కావలసింది చాలా చిన్నది. ఈ రోజు తారీఖు వేసి, కొత్త పేరుతో, అదే ఎంప్లాయీ నంబరుతో, చేరిన రోజు, మానిన రోజు, హోదా రాసి ఇస్తే చాలు. కింద ‘గతంలో ఫలానా’ అని తోక తగిలించనక్కర్లేదు. ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కొత్త పేరుకే ‘అవును, మా దగ్గర పనిచేశారు’ అని చెప్పాలి. ఇది దొంగ సర్టిఫికెట్ కాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ పని చేసిన చేతులు ఇవే అయినప్పుడు దొంగతనం ఎక్కడుంది? పాత పేరుకూ కొత్త పేరుకూ ముడి ఎక్కడుందో పాత హెచ్ఆర్‌లో ఒక్కరికి తెలిస్తే సరిపోతుంది, వీధి వీధికీ తెలియనక్కర్లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు తన లింగమేదో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం, దాని 2020 నిబంధనలు కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికీ, దాన్ని చూపించి పదో తరగతి మెమో, డిగ్రీ, ఆధార్, పాన్‌లలో పేరు మార్చుకోవడానికీ దారి వేశాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలనీ, ఉద్యోగి లింగ గుర్తింపును గోప్యంగా ఉంచాలనీ నిబంధనల్లో ఉంది. అయినా చట్టం దృష్టంతా సర్కారు కాగితం మీదే. పైగా ఉద్యోగంలో వివక్ష కూడదని తొమ్మిదో సెక్షన్‌లో రాసి, జైలు శిక్షలు వేసే పద్దెనిమిదో సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆ తప్పును అందులో చేర్చలేదు. బ్రిటన్‌లో 2004 నాటి చట్టం ప్రకారం లింగ గుర్తింపు సర్టిఫికెట్ పొందిన ఉద్యోగి గతాన్ని, ఆ ఉద్యోగి అనుమతి లేకుండా యజమాని బయటపెట్టడం నేరం. మనకలాంటి శిక్ష లేదు.

పీఎఫ్ దగ్గర మాత్రం కొంత మేలు జరిగింది. 2017 అక్టోబరు నుంచి ఆధార్‌తో ముడిపడి వచ్చిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) ఉంటే, 2025 జనవరి నుంచి పేరు, లింగం వంటివి పాత యజమాని సంతకం లేకుండానే సరిచేసుకోవచ్చు. అంతకుముందున్న నంబరైతే మళ్లీ పాత యజమాని గుమ్మమే ఎక్కాలి.

ఇదంతా కాగితం ఉన్నవాళ్ల గొడవ. మన రెండు రాష్ట్రాల్లో బట్టల షాపులో సేల్స్, బ్యూటీపార్లర్, ఆసుపత్రి రిసెప్షన్, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వంటి కొలువులు చాలావరకు నోటిమాట మీదే దొరుకుతాయి. ‘మా బాబాయికి తెలిసినవాళ్లు’, ‘మా ఊరివాడే, నాది పూచీ’. అలా పూచీ పడేది ఇల్లు, కులం, ఊరు. ఇంట్లోంచి గెంటేసిన బిడ్డకు కూటితో పాటు ఆ పూచీ కూడా పోతుంది. హిజ్రా జమాత్‌లో గురువు తన చేలాకు (శిష్యురాలికి) పూచీగా నిలబడుతుంది, నిజమే. కానీ ఆ మాట చెల్లేది ఆ లోకంలోనే, అమీర్‌పేట షోరూమ్ మేనేజరు దగ్గర కాదు. హైదరాబాదు ట్రాఫిక్ విభాగంలోకి 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ అసిస్టెంట్లను గోషామహల్ మైదానంలో పరుగు పెట్టించి తీసుకున్నారు. నాకందులో నచ్చింది అదే. అక్కడ కొలిచింది పరుగును, మామయ్య పలుకుబడిని కాదు.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ట్రాన్స్ టీచరుకు పరిహారం ఇప్పించింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక బడి ఆమెను కొద్దిరోజులకే ఉద్యోగం మాన్పించింది, గుజరాత్‌లో ఇంకో బడి ఆమె ట్రాన్స్ అన్న సంగతి తెలిశాక చేర్చుకోలేదు. తీర్పు గొప్పదే. కానీ మూడో బడిలో ‘గతంలో ఎక్కడ చేశారు, ఎందుకు మానేశారు’ అని అడిగితే ఆమె ఏ నంబరు ఇవ్వాలి?

పేరు మార్చినా గతం దాగని చోటు ఒకటుంది. కోఠి మహిళా కళాశాలలోనో తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదివిన ట్రాన్స్ పురుషుడికి డిగ్రీ మీద పేరు మారవచ్చు, కాలేజీ పేరు మారదు. ఆ కాగితం చూసిన వెరిఫికేషన్ ఉద్యోగికి విషయం అర్థమవుతుంది, తప్పదు. ఆ ఉద్యోగి దాన్ని ఫైల్లో మూసి పెడతాడా, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర విప్పుతాడా అన్నది ఇప్పుడు పూర్తిగా అతని ఇష్టం మీద నడుస్తోంది. కంపెనీలు చేరేటప్పుడు మన చేత సంతకం పెట్టించుకునే రహస్య ఒప్పందం ఒకటుంటుంది కదా, క్లయింటు సమాచారం బయటపెడితే ఉద్యోగం ఊడుతుందని. వెరిఫికేషన్ చేసేవాళ్ల ఒప్పందంలో దరఖాస్తుదారు గతం గురించీ అలాంటి వాక్యమొకటి చేర్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, హెచ్ఆర్ హెడ్ సంతకం చాలు.