పసుపు రాస్తే సరిపోతుందా?

ఆషాఢం వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఊడ్పుల హడావిడి. పొద్దస్తమానం బురదలో నానిన ఆడకూలీల కాలివేళ్ళ సందులు పాసిపోతాయి. ఇంటిపట్టున ఉండే మనమేం తక్కువ? అంట్ల నీళ్ళు, చెమట, ముసురులో ఆరీ ఆరని బట్టలు! రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనెలో కాస్త పసుపు కలిపి రాసుకుంటాం. మనకి అమ్మ చెప్పింది, అమ్మకి అమ్మమ్మ చెప్పింది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. పసుపులోని కర్కుమిన్‌కి వాపునీ మంటనీ అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో తేలింది. పసుపుతో గాయాలు మాన్పడం కొత్త సంగతన్నట్టు 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు పుచ్చుకుంటే, మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు సాక్ష్యం పెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది. మన వంటింటి జ్ఞానానికి అది గెలుపే.

అలాగని అన్నిటికీ పసుపే మందనుకుంటే పొరపాటు. మంట తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. తామర ఫంగస్ వల్ల వస్తుంది. పైన ఎరుపు తగ్గినంత మాత్రాన ఆ ఫంగస్ పోయినట్టు కాదు. పైగా పసుపు పడనివాళ్ళూ ఉంటారు. వాళ్ళకి దురద ఇంకా ఎక్కువవుతుంది.

అసలు చిక్కు మన సిగ్గుతో. లంగా బొందు దగ్గరో, రొమ్ముల కిందో దురద పుడితే కట్టుకున్నవాడికి కూడా చెప్పం. పసుపు పనిచెయ్యకపోతే మందుల షాపునుంచి ఓ ట్యూబు తెప్పించుకుంటాం. రెండు రోజుల్లో ఎంత హాయో! చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుందని మనకి తెలీదు. అది దురదని అణిచిపెట్టి తామరని పాకనిస్తుంది. వాడగా వాడగా చర్మం పల్చబడిపోతుంది. అందుకే 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అమ్మేవాడు అడక్కపోయినా, కొనే మనకి ఆ పట్టింపు ఉండాలి.

గుండ్రటి మచ్చ ఎర్రటి అంచుతో పాకుతుంటే డాక్టరుకి చూపించండి. మచ్చ పోయినా, చెప్పినన్నాళ్ళూ మందు వాడండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళకీ కలిపి వైద్యం చేయించండి. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళకి వేరుగా ఉంచండి.

పిల్లలకి చిన్న పొక్కు లేస్తే పరుగులు పెట్టే మనం, మన ఒంటిమీది మచ్చని మాత్రం చీర మాటున దాచేస్తాం. పసుపు వాడకం అమ్మమ్మ నేర్పింది. దాచకుండా చెప్పుకోవడం మన కూతుళ్ళకి మనమే నేర్పాలి.