ఓబన్నను మేం వదిలేశాం

పాపాఘ్ని ఎగువన గండి కొండల నడుమ కుంపెనీ అధికారి మన్రో దొరకు బంగారు తోరణం కనబడిందని మా కమలాపురం వైపు ఇప్పటికీ భక్తిగా చెప్పుకుంటాం. దత్తమండలాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నదీ మేమే. ఆ మన్రోనే 1800 తర్వాత పాలెగాళ్ల చేతుల్లోని ఊళ్లు లాక్కుని, తవర్జీ కింద నెలకింత పడేసి వాళ్లను మూల కూర్చోబెట్టాడు. రైతుకు మేలు చేశాడంటారు, కాదనను. కానీ కుంపెనీని ఎదిరించిన వడ్డె ఓబన్న పేరు మాలో ఎంతమందిమి పెట్టుకున్నాం?

1846 జులైలో పాలెగాళ్ల వంశపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆయన సేనాని ఓబన్న. రాళ్లు కొట్టి, బావులు తవ్వి బతికే వడ్డెర కులంలో పుట్టినవాడు. తవర్జీ ఇవ్వలేదన్న కోపం రెడ్డికి ఉంది. ఓబన్నకు ఆగిపోవడానికి తవర్జీయే లేదు. అయినా కత్తి పట్టాడు. నా లెక్కలో ఆ తెగువే పెద్దది.

పోనీ, రెడ్డినైనా కాపాడుకున్నామా? ఆ అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీస్తుంటే రెండు వేలమందికి పైగా నిలబడి చూశారు. ఆయన తల 1877 దాకా అక్కడి కోటలో వేలాడింది. ముప్పై ఏళ్లు! ఆ దారినే సంతకు పోయాం, శిస్తులు కట్టాం, పెళ్లిబళ్లు తోలుకున్నాం.

ఇలా వదిలేసింది మేమొక్కరమే కాదు. 1944 జులై 20న హిట్లర్ ముందున్న బల్ల కింద బాంబు పెట్టిన జర్మన్ కల్నల్ స్టాఫెన్‌బర్గ్‌ను ఆ రాత్రే బెర్లిన్‌లో, సైనిక కార్యాలయం ఆవరణలో కాల్చేశారు. యుద్ధం ముగిశాక కూడా ఆయన్ని ద్రోహి అన్న జర్మన్లు చాలామంది. వాళ్లూ తల దించుకోవలసినవాళ్లే. కానీ చివరికి ఆ ఆవరణలో పలక పెట్టినప్పుడు, కల్నల్ వెంట వెళ్లిన లెఫ్టినెంట్ హెఫ్టెన్ పేరు కూడా చెక్కారు.

మేం? రెడ్డి మీద పాటలు కట్టుకున్నాం. 2019లో సినిమా వస్తే ఈలలు వేశాం. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెడితే మురిసిపోయాం. ఓబన్ననేమో ఆయన కులానికి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాం. జనవరి 11న జయంతి వస్తే అది వడ్డెర్ల పండగ అనుకుంటాం. మా ఇళ్లకు పునాదిరాళ్లు కొట్టించుకున్నది వాళ్లతోనే. కూలి దగ్గర గీచి గీచి బేరమాడాం, మంచినీళ్లు అడిగితే గడప బయటే పోశాం. వాళ్ల గుడిసెల్లోంచి ఒక సేనాని వచ్చాడంటే మనసొప్పలేదు. మరిచిపోయామంటే అబద్ధమవుతుంది. మాకు అక్కర్లేదనుకున్నాం.

రెడ్డి విగ్రహం నిలబెట్టిన ప్రతిచోటా పక్కన ఓబన్న ఉండాలి. అది వడ్డెర్లు వచ్చి అడగవలసిన మాట కాదు. మేం అడగాలి. ఇన్నేళ్లూ అడగలేదు.