ప్రవేశనామము

భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో అడవి యంచున నున్న దమ్మపేట బాలికయైనను, నేడు కంప్యూటరు నాశ్రయించినచో మొదట నొక ప్రవేశనామము చెప్పవలెను. దీనినే యూజర్‌నేమ్ అందురు. జీమెయిల్ నందు అది 6 మొదలు 30 వరకు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, చుక్కలతోనే యుండవలెను. ‘సీత’ యను పేరును నాలుగక్షరములతో వ్రాసిన కురుచ యని త్రోసివేయును; ఆరక్షరములతో వ్రాసిన నెవరో ముందే గైకొనియుందురు. తుదకు పేరునకు అంకెలు తగిలింపవలసివచ్చును.

అట్లని నియమములే వలదనరాదు. ఒకే నామ మిద్దరికుండిన ఒకరి యుత్తరము వేరొకరికి జేరును. తెలుగు రకారము, కన్నడ రకారము కంటి కొక్కటే, యంత్రమునకు వేర్వేరు. ఈ పోలికచే మోసగాండ్రు పరుల పేరు ధరింపగలరు. కాని ఒక నామమున రెండు లిపులు కలుపరాదని విధించిన ఈ భయము చాలవరకు తొలగును.

1991లో వెలువడిన యూనికోడ్ తెలుగునకు స్థానమిచ్చినది. అన్యలిపులలో మెయిలు చిరునామాలకు 2012లో ప్రమాణము లేర్పడినవి. మార్గ మున్నది, నడచుటయే కొఱత. తలుపునకు గడియ యుండవలసినదే. అయినను బడిలో నేర్చిన అక్షరములతో తన పేరు తాను వ్రాసికొన్న బాలికకు ఆ తలుపు తెరువబడవలెను. అదియే న్యాయము.