అక్క తర్వాతే తమ్ముడు!

బ్రిటన్‌లో రెండో ఎలిజబెత్ రాణి కూతురు ఆన్ 1950లో పుట్టింది. 1960లో ఆండ్రూ, 1964లో ఎడ్వర్డ్ పుట్టి, సింహాసనం క్యూలో అక్కగారిని వెనక్కి నెట్టేశారు. మగపిల్లలు మరి! 2015లో కొత్త చట్టం అమల్లోకొచ్చింది. 2018లో తమ్ముడు లూయీ పుట్టినా, చార్లెస్ రాజు మనవరాలు షార్లెట్ వరస కదల్లేదు. భేష్! ఆన్‌కి మాత్రం ఒరిగిందేమీ లేదు. 2011 అక్టోబర్ 28 తర్వాత పుట్టినవాళ్లకే ఆ వరం.

నాకు మింగుడుపడనిది మతం సంగతి. 1978లో కాథలిక్ అమ్మాయిని చేసుకుని వరస పోగొట్టుకున్న కెంట్ రాకుమారుడు మైకేల్‌కి అది తిరిగొచ్చింది. అంటే, భార్య కాథలిక్కయినా ఫర్వాలేదన్నమాట. కిరీటం పెట్టుకునే మనిషే కాథలిక్కయితే? 1701 నాటి తాళం అలాగే ఉంది! ఇంగ్లండ్ చర్చికి పెద్ద రాజే కదా అంటారు. ఆ పెద్దరికం ఇంకెవరికైనా అప్పగించరాదూ?