బల్ల చుట్టూ మనుషులు

హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టేనాటికి అక్కడి విభాగాల మధ్య పోరు బయటివాళ్లకూ తెలిసిన సంగతే. ఆయన తొలినాళ్లలోనే అగ్రశ్రేణి అధికారులందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. క్రీడాకారులకు మనోబలం నేర్పే మైకేల్ జెర్వేను పిలిపించారు. లక్ష్యాలూ లెక్కలూ పక్కనపెట్టి, ఎవరి జీవితం గురించి వాళ్లను చెప్పమన్నారు.

మొదట అందరూ తటపటాయించారు. తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు.

2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో నాదెళ్ల ఈ సమావేశం గురించి రాశారు. 1996లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకు జైన్ గురించీ రాశారు. మనకే ఎందుకిలా అని కుమిలిపోయిన తండ్రి, భార్య అనుపమ తన బాధ పక్కనపెట్టి బిడ్డను చికిత్సలకు తిప్పడం చూసి మారారు. స్ఫూర్తినిచ్చే కథంటే ఇదీ. ఇందులో పతకం లేదు, పదోన్నతి లేదు. కష్టంలోంచి ఒక మనిషి నేర్చుకున్నది ఉంది. ఇలాంటి మాట విన్నాక పక్క సీటు మనిషిని వట్టి పోటీదారుగా చూడటం కష్టం.

మన ఆఫీసుల్లో పుట్టినరోజు కేకు కోస్తారు, అయిదు నిమిషాల్లో ఎవరి కంప్యూటర్ ముందుకు వాళ్లు వెళ్లిపోతారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేచోటే కాస్త మనసు విప్పే మాటలు. యాజమాన్యాలు ఆ కాసేపటిని కోసెయ్యకూడదు. కథ చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, చెప్పుకున్నది గది దాటకూడదు. ముందుగా పైఅధికారే తన కథ చెప్పాలి.