చేసుకున్న బండి, కొనుక్కున్న బండి



వానలు వెనుకపట్టిన తరువాత ఒక ఆదివారము మేము వరంగల్‌కు సమీపములోని ఒక పల్లె సంఘమును దర్శించాము. ఆరాధన ముగిసి బయటకు వచ్చేసరికి వేపచెట్టు క్రింద రెండు బండ్లు నిలిచి ఉన్నాయి. ఒకటి పాత జీపు, రెండవది కొత్త కారు. రెండూ ఒకే ఇంటివని, అన్నదమ్ములవని కాపరిగారు చెప్పారు. ఆ ఇద్దరి తల్లి మాత్రము చేతికర్ర పట్టుకొని కాలినడకన ఇంటికి బయలుదేరింది. ఆమెకు డెబ్బై ఏండ్లు దాటాయి. ఇల్లు కిలోమీటరు దూరము.

మేము ఆమెతో కొంతదూరము నడిచాము. "అమ్మా, ఇద్దరు కొడుకులకు బండ్లుండగా నీవు నడుస్తున్నావేమిటి?" అని అడిగాము.

"ఒకని బండి ఎక్కితే ఒకనికి కోపమొస్తది అయ్యగారూ. ఈ కాళ్ళు దేవుడిచ్చినయి. వీటికి పంచాయితి లేదు" అన్నది.

ఈ నెల మా శీర్షికకు ఆ తల్లి మాటే ఆధారము.

పెద్దకొడుకు జీపును రెండేండ్లపాటు తన షెడ్డులో తానే కట్టుకున్నాడు. ఎక్కడిదో పాత ఛాసిస్, మరెక్కడిదో ఇంజను, రేకులు వెల్డింగు చేసి బాడీ. చిన్నవాడు పత్తి డబ్బులు కొంత కట్టి, మిగిలినది వాయిదాల మీద పెట్టి కారు కొన్నాడు. "పైసలుంటే ఎవడైనా కొంటడు, చేతనైతే చేసి చూపియ్యి" అని అన్న అన్నాడు. "రోడ్డెక్కే బండి కావాలె గని షెడ్డుల నిలబడే బండి ఎందుకే?" అని తమ్ముడు తిప్పికొట్టాడు. అంతటితో మాటలు నిలిచిపోయాయి. ప్రభురాత్రి భోజనమునకు ఒకరు ముందుకు వస్తే రెండవవాడు వెనుక బల్లమీదనే కూర్చుంటున్నాడని కాపరిగారు బాధపడ్డారు.

ఈ తగవు మన పల్లెలో పుట్టినది కాదు. లోకమంతటా బండ్లంటే ప్రాణము పెట్టేవారిలో ఈ రెండు జట్లు ఉన్నాయి. పాశ్చాత్య దేశాలలో కొందరు తమ కారు వెనుక అద్దము మీద "కొన్నది కాదు, కట్టుకున్నది" అని అర్థము వచ్చే మాటను అంటించుకుంటారు. డబ్బుతో కొన్నవానికి బండి దొరుకుతుంది గాని బండి గురించిన జ్ఞానము దొరకదని వారి అభిప్రాయము. కొన్నవారు దానికి నవ్వి, "మీరు బండి క్రింద పడుకొని ఉంటారు, మేము బండిలో కూర్చొని ఉంటాము" అంటారు.

రెండు పక్షాల మాటలలోను నిజమున్నది. మొదట కట్టుకునేవారి సంగతి చూద్దాము. హైదరాబాదులో జంతుప్రదర్శనశాల దగ్గర, బహదూర్‌పురాలో 2010వ సంవత్సరములో సుధా కార్ మ్యూజియం తెరువబడింది. అందులోని విచిత్రమైన కార్లను కె. సుధాకర్ గారు తమ చేతులతో తయారు చేశారు. బూటు ఆకారములో ఒకటి, క్రికెట్ బ్యాటు ఆకారములో ఒకటి, పుస్తకము, కెమెరా, చేతిసంచి ఆకారములలో మరికొన్ని. పాత సామాను ఏరి తెచ్చి కట్టిన ఆ బండ్లు బొమ్మలు కావు, నడిచే బండ్లు. ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు 12 మీటర్లకు పైగా ఎత్తున్నది. 2005 జూలై 1న అది ప్రపంచములోకెల్లా పెద్దదిగా గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. ఇతరులు పారవేసిన ఇనుములో పనికివచ్చే వస్తువును చూడగలిగిన కన్ను దేవుడిచ్చిన వరమే. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలుకు విచిత్రమైన పనులు చేసే నేర్పును దేవుని ఆత్మయే ఇచ్చినట్టు చదువుతాము. కాబట్టి నూనె మరకల చేతులను తక్కువగా చూడవద్దు. మన ప్రభువు కూడా వడ్లవాని చేతులు గలవాడే.

ఇక కొనేవారి సంగతి. 2021 డిసెంబరులో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి తన కుమారుని కోరిక తీర్చుటకు పాత సామానుతో చిన్న జీపు వంటి బండి చేశాడు. స్కూటరు వలె కాలితో తన్ని స్టార్టు చేసే బండి. సుమారు 60,000 రూపాయలు ఖర్చయిందని పత్రికలు వ్రాశాయి. మహీంద్రా కంపెనీ అధిపతి ఆనంద్ మహీంద్రా ఆ పనితనమును బహిరంగముగా మెచ్చుకున్నారు. అయితే అది నిబంధనలకు సరిపడదు, నేడో రేపో అధికారులు ఆపుతారు అని కూడా చెప్పి, దానికి బదులుగా కొత్త బొలెరో ఇస్తామన్నారు. 2022 జనవరిలో ఆ కుటుంబము బొలెరో అందుకున్నది. మెచ్చుకోలు ఎంత నిజమో హెచ్చరిక అంత నిజము.

ఆ హెచ్చరిక మన యౌవనస్థులు కూడా వినవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను కాగితములోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని ఖచ్చితముగా చెప్పింది. ఇంజను మార్చవలెనంటే ముందుగా రవాణా అధికారి అనుమతి కావాలి. ఇంట్లో చేసిన బండి ఎంత అందముగా ఉన్నా, ప్రభుత్వము గుర్తించిన సంస్థలో పరీక్ష నెగ్గకుండా రోడ్డు మీదికి రాకూడదు. బ్రేకు మన పొలములో ఆగినట్టు జాతీయ రహదారి మీద ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? ప్రమాదము జరిగితే భీమా డబ్బు దగ్గర చిక్కు వస్తుంది. డబ్బు సంగతి అటుంచి, ఎదుటివాని ప్రాణమునకు మనము ఉత్తరవాదులము. ఇల్లు కట్టేవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోని ఆజ్ఞ ఇందుకే. కట్టేవానికి నేర్పుతోపాటు పొరుగువాని మీద ప్రేమ కూడా ఉండవలెను.

కొనేవారికి కూడా ఒక పిట్టగోడ కావాలి. అయిదు లక్షల అప్పు నూటికి ఏటా పది వడ్డీ చొప్పున అయిదేండ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,600 రూపాయలు కట్టవలెను. అంతా తీరేసరికి కట్టినది 6,37,000 దాకా అవుతుంది. ఉద్యోగస్థునికి జీతము నెలనెలా వస్తుంది. రైతుకు పత్తి, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు చేరినప్పుడే డబ్బు వస్తుంది. పంట ఆరు నెలలకు, వాయిదా నెలనెలా. మధ్య నెలలలో ఆ వాయిదా కట్టడానికి చేసే చేబదులు దగ్గరే ఎన్నో ఇండ్లు కుంగిపోతున్నాయి. పక్కింటివానికి ఉన్నదని కొనవద్దు. అల్లునికి కారు పెట్టవలెనని పొలము అమ్మవద్దు. కట్నముగా వచ్చిన కారు చేసినదీ కాదు, కొన్నదీ కాదు. అది మామగారి కన్నీళ్ళతో నడిచే బండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. "అంతా నేనే చేశాను" అనేవాడు నిజముగా అంతా తానే చేశాడా?

మన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోట కొంచెము సేపు నిలబడి చూడండి. లారీ యజమాని కంపెనీ నుండి ఛాసిస్ కొంటాడు, ఇక్కడ బాడీ కట్టించుకుంటాడు. అది కొన్న లారీయా, కట్టిన లారీయా? రెండూను. ఇంజనీరింగు విద్యార్థులు బాహా అనే పోటీ కోసము గుట్టలలో, బురదలో పరుగెత్తే బండ్లను తామే కడతారు. మన దేశములో ఈ పోటీ 2007లో మొదలైంది. పోటీకి వచ్చే పెట్రోలు బండ్లన్నిటికీ ఒకే రకము ఇంజను, అది మాత్రము కంపెనీదే. పూర్వము మన వడ్లాయన ఎడ్లబండి చేసినప్పుడు ఇరుసు, ఆకులు ఆయన పని. చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగింది కమ్మరి. చెట్టును పెంచింది ఎవరు? ఇనుమును నేలలో దాచింది ఎవరు?

అలాగే "నా డబ్బుతో కొన్నాను" అనేవాడు కూడా ఆలోచించవలెను. ఆ కారు ఎవరో తెలియని వేలాది మంది పనివారి చేతులమీదుగా వచ్చింది. వారిలో ఎవరికీ ఆయన కనీసము వందనములు చెప్పలేదు. డబ్బు పత్తి నుండి, పత్తి వాన నుండి, వాన పైనుండి వచ్చాయి.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన మాట గుర్తు చేసుకోండి. వారు కట్టని పట్టణములు, త్రవ్వని బావులు, నాటని ద్రాక్షతోటలు వారికి దొరుకబోతున్నాయి. తిని తృప్తిపొందిన తరువాత ఇచ్చినవానిని మరచిపోవద్దని ఆయన హెచ్చరించాడు. రెండు అధ్యాయముల తరువాత ఇంకొక హెచ్చరిక ఉన్నది. మంచి ఇండ్లు కట్టించుకొని కాపురముండే దినమున, ఇదంతా మా చేతి బలమే అనుకోవద్దని. చూశారా! కట్టనివానికి ఒక హెచ్చరిక, కట్టినవానికి ఒక హెచ్చరిక. దేవుడు ఇద్దరినీ విడిచిపెట్టలేదు.

చివరగా ఒక చరిత్ర చెప్తాము. అమెరికాలోని డెట్రాయిట్ నగరములో హెన్రీ ఫోర్డ్ అనే యువకుడు ఒక విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ, రాత్రులు ఇంటివెనుక షెడ్డులో ఒక బండి చేశాడు. నాలుగు సైకిలు చక్రాల వంటివి, ఒక చిన్న ఇంజను. వెనుకకు నడిచే ఏర్పాటు లేదు. 1896 జూన్ 4న తెల్లవారక ముందే అది సిద్ధమైంది. బయటకు తీయబోతే తలుపు చాలలేదు! గొడ్డలి తీసుకొని ఇటుకగోడ పగులగొట్టి బండిని వీధిలోకి తెచ్చాడు. ఆ సంవత్సరమే దానిని 200 డాలర్లకు అమ్మివేశాడు. ఆ తరువాత ఆయన 1908లో టి మోడల్ కారును తెచ్చాడు. 1913లో కదిలే వరుస మీద బండ్లు కట్టే పద్ధతి పెట్టి, సామాన్యులు కూడా కారు కొనే రోజులు తెచ్చాడు. అయినా లక్షల కార్లు చేసిన ఆ మనిషి, తన మొదటి బండిని వెదకి డబ్బిచ్చి మరల కొనుక్కున్నాడు. ఇప్పుడు అది ఆయన పేరుతో ఉన్న మ్యూజియములో భద్రముగా ఉన్నది.

తాను చేసినదానినే ఆయన వెలయిచ్చి కొన్నాడు. అప్పుడు అది రెండు విధాల ఆయనది.

ప్రియులారా, మన సంగతి కూడా ఇదే కాదా? మనలను చేసినవాడు దేవుడు. మనము ఆయన చేయి విడిచి, పాపమునకు అమ్ముడుపోయాము. ఆయన మనలను తుక్కులో వేయలేదు. తన కుమారుని రక్తమును వెలగా పెట్టి మరల కొన్నాడు. మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము చివరన పౌలు గుర్తుచేసేది ఈ వెలనే. మనము చేయబడినవారము, కొనబడినవారము కూడా. ఆయన కట్టినవాడు, కొన్నవాడు కూడా. ఆయనే అతిశయపడకుండా గాడిదపిల్లను అడిగి తెప్పించుకొని దానిమీద యెరూషలేము ప్రవేశించాడే! మనకు ఒక జీపు మీద, ఒక కారు మీద అతిశయమెందుకు?

కట్టుకోగలవాడు కట్టుకోవచ్చు, చట్టమునకు లోబడి. కొనగలవాడు కొనవచ్చు, అప్పునకు దాసుడు కాకుండా. అయితే ఇంటిలోని అన్నను గాని తమ్ముని గాని ఎవరమూ చేసుకోలేదు, ఏ షోరూములోను కొనలేదు. వారు ఇవ్వబడినవారు. పోగొట్టుకుంటే మరల చేసుకునే షెడ్డు లేదు.

ఆ రోజు మేము ఆ అన్నదమ్ములతో ఈ మాటలు కొన్ని చెప్పి, ప్రార్థన చేసి వచ్చాము. ఇద్దరూ తలలు వంచుకొని విన్నారు గాని ఒకరినొకరు చూడలేదు. ఇద్దరూ ఒకే బండిలో గుడికి వచ్చారన్న వార్త మాకు ఇంకా అందలేదు. అయితే వరికోతలు అయిన తరువాత ఒక సాయంకాలము తమ్ముడు షెడ్డు దగ్గరకు వెళ్ళి, "అన్నా, కారుల ఏదో సప్పుడొస్తున్నది, జర చూస్తవా?" అని అడిగాడట. అన్న ఏమీ అనకుండా చేతులు తుడుచుకొని బానెట్ ఎత్తాడట. ఆ తల్లి కాపరిగారి చేత ఈ కబురు మాకు చెప్పించి పంపింది. ఆమె నడక త్వరలో తప్పాలని మీరు కూడా ప్రార్థించండి.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో చదువుకొనుటకు: ద్వితీయోపదేశకాండము 6:10-12, 8:11-18. చదివిన తరువాత, మన ఇంటిలో మనము చేయనివి, కొననివి ఏవేవి ఉన్నాయో పిల్లలచేత ఒక్కొక్కటిగా చెప్పించి, వాటికొరకు దేవునికి స్తుతులు చెల్లించండి.